కడిగే నీళ్ళే మురికైతే?

పిల్లలూ! మీ ఇంట్లో బట్టలు ఉతుకుతుంటే ఎప్పుడైనా దగ్గర కూర్చుని చూశారా? పక్కపక్కనే రెండు బకెట్లు ఉంటాయి. మొదటి దానిలో సబ్బు నీళ్ళు. రెండో దానిలో జాడించే మంచినీళ్ళు. మురికి బట్ట ముందు సబ్బు నీళ్ళలో మునుగుతుంది. జిడ్డూ మట్టీ అక్కడ వదిలిపోతాయి. తరువాత ఆ బట్టను గట్టిగా పిండి, రెండో బకెట్లో వేసి జాడిస్తారు.

ఇప్పుడొక ప్రశ్న. పిండకుండా, సబ్బు నీళ్ళు కారుతుండగానే ఆ బట్టను రెండో బకెట్లో పడేస్తే ఏమవుతుంది? ఒక బట్టకు ఏమీ కాదు. పది బట్టలయ్యేసరికి జాడించే నీళ్ళు కూడా సబ్బు నీళ్ళే అయి కూర్చుంటాయి. నురగ కడుతుంది. అందులో ఎన్నిసార్లు ముంచినా బట్టకు సబ్బు వదలదు.

సబ్బు మురికా? కాదు. మురికిని వదిలించేదే సబ్బు. అయినా జాడించే బకెట్లో పడితే అదే మురికి. చింతపండు పులుసులో పడితే రుచి, పాలలో పడితే విరుగుడు కదా!

ఇంత చిన్న సంగతి వల్ల పెద్ద పెద్ద కర్మాగారాలు చిక్కుల్లో పడుతుంటాయంటే నమ్ముతారా? ఆ కథే ఇప్పుడు చెబుతాను.

మాస్టారికే పొడుపుకథ

నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు ఇప్పుడు ఒక సహజవాయు కర్మాగారంలో పనిచేస్తున్నాడు. సంక్రాంతికి ఊరు వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగుతూ, "మాస్టారండీ! చిన్నప్పుడు మీరు మమ్మల్ని ప్రశ్నలడిగేవారు. ఇవాళ నేనొకటి అడుగుతానండి" అన్నాడు.

"అడుగు చూద్దాం" అన్నాను.

"మా దగ్గర వాయువులోని తేమను పీల్చే ద్రవం ఒకటుందండి. అది ఆమ్లంగా మారితే ఇనుమును తినేస్తుంది. అందుకని తరచూ దాని పీహెచ్ చూస్తాం. 7కూ 8.5కూ మధ్య ఉండాలి. ఒకప్పుడు అది 9 దాటింది. ఆమ్లం లేదు కదా అని అందరం నిశ్చింతగా ఉన్నాం. తీరా విప్పి చూస్తే ఇనుము తినేసి ఉందండి! పైగా ఆ ద్రవం నురగ కట్టి వాయువుతో పాటు కొట్టుకుపోతోంది. క్షారం ఉన్నచోట ఇనుము ఎందుకు క్షయించిందో చెప్పండి చూద్దాం."

ముప్పై ఏళ్ళుగా ఆమ్లాలూ క్షారాలూ చెబుతున్న నాకు వెంటనే జవాబు తట్టలేదు. మీరు కూడా ఆలోచిస్తూ ఉండండి. ఈలోగా ఆ వాయువు కథేమిటో తెలుసుకుందాం.

పుల్లని వాయువు, తియ్యని వాయువు

సహజవాయువులో ఎక్కువ భాగం మిథేన్. విద్యుత్తు తయారుచేయడానికీ, యూరియా ఎరువుకూ అది కావాలి. హైదరాబాదు, విజయవాడ, కాకినాడ వంటి చోట్ల కొన్ని ఇళ్ళ వంటగదులకు గొట్టాల ద్వారా వచ్చేది కూడా అదే. అయితే బావి నుంచి వచ్చిన వాయువును వచ్చినట్లే పొయ్యికి పంపడానికి వీలులేదు. దానితో పాటు పిలవని చుట్టాలు కొందరు వస్తారు.

వాటిలో ఒకటి కార్బన్ డై ఆక్సైడ్. మరొకటి హైడ్రోజన్ సల్ఫైడ్. దీని కుళ్ళిన గుడ్డు వాసన ప్రయోగశాలలో కిప్ పరికరం చూసినవారికి తెలుసు. ఇది విషవాయువు. మోతాదు పెరిగితే ముందు మన ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన తెలియకుండా పోతుంది కాబట్టి మరింత ప్రమాదం. ఈ రెండు వాయువులూ నీటిలో కరిగితే ఆమ్లాలవుతాయి. ఆమ్లం పులుపు కదా! అందుకే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న వాయువును ఇంజనీర్లు 'పుల్లని వాయువు' అంటారు. దాన్ని తీసేస్తే 'తియ్యని వాయువు'. నాలుకతో చూసి పెట్టిన పేర్లు మాత్రం కావులెండి!

మూడో చుట్టం నీటి ఆవిరి. మనకు ప్రాణాధారమైన నీటితో అక్కడ ఏమిటి బాధ?

నీరు చేసే నష్టం

చల్లని నీళ్ళు పోసిన గ్లాసు బయట నీటి బిందువులు పడతాయి. గాలిలోని ఆవిరి చల్లదనం తగిలి నీరయింది. గొట్టంలో పోయే సహజవాయువు చల్లబడినా అంతే. 70 వాతావరణాల పీడనం వద్ద, 40 డిగ్రీల సెంటీగ్రేడు ఉష్ణోగ్రతలో, వాయువు పట్టుకోగలిగినంత ఆవిరిని పట్టుకుని ఉందనుకుందాం. అప్పుడు మామూలు పీడనం వద్ద కొలిచిన ప్రతి ఘనమీటరు వాయువులో సుమారు 1 గ్రాము నీరు ఉంటుంది. ఒక్క గ్రామే కదా అనకండి. రోజుకు 10 లక్షల ఘనమీటర్ల వాయువు పంపితే, దానితో పాటు ఎంత నీరు పోతోందో లెక్క వేయండి. 10 లక్షల గ్రాములు, అంటే 1,000 కిలోలు! మన నీళ్ళ డ్రమ్ములు ఐదు నిండుతాయి.

ఈ నీటివల్ల రెండు నష్టాలు. మొదటిది 'మంచుకాని మంచు'. ఎక్కువ పీడనంలో నీటి అణువులు పంజరాల్లా కూడి, మిథేన్ అణువులను లోపల బంధిస్తాయి. మంచులా కనిపించే గడ్డ తయారవుతుంది. దీన్ని హైడ్రేట్ అంటారు. నీరు గడ్డకట్టాలంటే సున్నా డిగ్రీలు కావాలి కదా! హైడ్రేటుకు అంత చలి అక్కరలేదు. 40 వాతావరణాల పీడనం ఉంటే సుమారు 4 డిగ్రీల వద్దనే తయారవుతుంది. పీడనం పెరిగితే ఇంకా వెచ్చగా ఉన్నప్పుడు కూడా తయారవుతుంది. 1810లో హంఫ్రీ డేవీ క్లోరిన్‌తో ఇటువంటి పదార్థాన్ని గుర్తించాడు. 1823లో ఆయన శిష్యుడు ఫారడే దాన్ని పరీక్షించాడు. చాలాకాలం అది ప్రయోగశాల వింతగానే ఉండిపోయింది. 1934లో అమెరికాలో హామర్‌ష్మిట్ అనే శాస్త్రజ్ఞుడు, వాయువు గొట్టాలకు అడ్డుపడుతున్నది మామూలు మంచు కాదనీ, ఈ హైడ్రేటేననీ చూపాడు. అప్పటినుంచి అది ఇంజనీర్లకు తలనొప్పి అయింది. (మన కృష్ణా గోదావరి తీరానికి ఆవల సముద్రం అడుగున కూడా ప్రకృతి సహజంగా ఏర్పడిన హైడ్రేట్లు ఉన్నాయని 2006లో జరిపిన తవ్వకాల్లో తేలింది.)

రెండో నష్టం లోహక్షయం. నీరూ కార్బన్ డై ఆక్సైడూ కలిస్తే కార్బోనిక్ ఆమ్లం. సోడా బుడ్డిలో ఉండేది అదే. అది ఉక్కు గొట్టాన్ని లోపలినుంచి కొద్దికొద్దిగా కొరుకుతుంది. పైకి ఏమీ కనపడదు.

ఇది దూరదేశాల ముచ్చట కాదు. 2014 జూన్ 27న తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో సహజవాయువు గొట్టం పగిలి మంటలు చెలరేగాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి వాయువు కోసం వేసిన గొట్టంలో తేమ వాయువు ప్రవహించిందనీ, ఆ నీటివల్ల గొట్టం లోపల క్షయించిందనీ విచారణలో తేలింది. తేమను తీసే ఏర్పాటు అక్కడ లేదు. వాయువును ఆరబెట్టడం ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కరలేదు.

మొదటి బకెట్: అమైన్

పుల్లని వాయువును శుద్ధిచేసే కర్మాగారం మన దేశంలో గుజరాత్‌లోని సూరత్ దగ్గర, హజీరాలో ఉంది. అరేబియా సముద్రంలో 1976లో కనుగొన్న దక్షిణ బస్సేన్ క్షేత్రం నుంచి 200 కిలోమీటర్లకు పైగా సముద్రం అడుగున గొట్టాల్లో ప్రయాణించి ఆ వాయువు ఒడ్డుకు చేరుతుంది. అటువంటి చోట వాయువుకు రెండు స్నానాలు చేయిస్తారు.

మొదటి స్నానం అమైన్ ద్రావణంలో. అమ్మోనియా మీకు తెలుసు. ఒక నత్రజని పరమాణువు, మూడు హైడ్రోజన్ పరమాణువులు. ఆ హైడ్రోజన్లలో ఒకదాన్నో, రెంటినో, మూడింటినో తీసి వాటి స్థానంలో కర్బన సమూహాలను పెడితే అమైన్ అవుతుంది. అమ్మోనియా లాగే ఇది కూడా క్షారమే. క్షారం ఆమ్లాన్ని పట్టుకుంటుంది కదా! ఈ పద్ధతికి అమెరికాలో ఆర్. ఆర్. బాటమ్స్ 1930లో పేటెంటు పొందాడు.

ఎత్తయిన గోపురం వంటి పాత్రలో పైనుంచి అమైన్ ద్రావణం పళ్ళేల మీదుగా దిగుతుంది. కిందినుంచి వాయువు బుడగలుగా పైకి పోతుంది. సుమారు 40 డిగ్రీల వద్ద, ఎక్కువ పీడనంలో, అమైన్ ఆమ్ల వాయువులను పట్టుకుంటుంది. ఆ ద్రావణాన్ని వేరే పాత్రలోకి తీసుకుపోయి, పీడనం తగ్గించి, సుమారు 120 డిగ్రీలకు కాస్తే పట్టుకున్నవాటిని వదిలేస్తుంది. చల్లగా ఉంటే పట్టు, వేడెక్కితే విడుపు! చల్లార్చి మళ్ళీ గోపురంలోకి పంపుతారు.

అమైన్‌ను నీటిలో కలిపి వాడతారు. కాబట్టి వాయువు తియ్యబడుతుంది గానీ, మరింత తడిసి బయటికి వస్తుంది. అందుకే ఆరబెట్టే పని దీని తరువాతే పెట్టుకోవాలి.

రెండో బకెట్: గ్లైకాల్

రెండో స్నానం ట్రై ఇథిలీన్ గ్లైకాల్‌లో. చలికాలంలో పెదవులకు రాసుకునే గ్లిజరిన్‌కు ఇది దూరపు చుట్టం. చిక్కగా ఉంటుంది. నీరంటే దీనికి చాలా ఇష్టం. దీని అణువుకు రెండు కొసల్లోనూ ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు ఉంటాయి. అవి నీటి అణువులను దగ్గరకు లాక్కుంటాయి.

ఇక్కడా గోపురమే. పైనుంచి గ్లైకాల్ దిగుతుంది, కిందినుంచి వాయువు ఎక్కుతుంది. నీటిని పోగొట్టుకుని పొడి వాయువు పైనుంచి బయటికి పోతుంది. నీటిని తాగిన గ్లైకాల్‌ను సుమారు 204 డిగ్రీలకు కాస్తారు. నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. గ్లైకాల్ మరగాలంటే సుమారు 285 డిగ్రీలు కావాలి. కాబట్టి నీరు ఆవిరై పోతుంది, గ్లైకాల్ మిగులుతుంది. వందకు 98 పాళ్ళకు పైగా స్వచ్ఛమైన గ్లైకాల్ తిరిగి గోపురానికి చేరుతుంది. మరి 204 దగ్గరే ఎందుకు ఆపుతారు? అంతకు మించి కాస్తే గ్లైకాలే విరిగిపోవడం మొదలుపెడుతుంది.

సబ్బు దాటి వస్తే

మొదటి గోపురంలో వాయువు వేగంగా పైకి పోతున్నప్పుడు సన్నని తుంపరలు దానితో లేచిపోతాయి. వాయువుతో వచ్చిన నూనెలో, సన్నని ఐరన్ సల్ఫైడ్ నలుసులో అమైన్‌లో చేరితే అది నురగ కడుతుంది. ఆ నురగ కూడా పైకి పొంగి వాయువుతో పోతుంది. కొంత అమైన్ ఆవిరి రూపంలోనే పోతుంది. ఏ దారిన పోయినా చివరికి చేరేది గ్లైకాల్ గోపురానికే. బట్టను పిండకుండా జాడించే బకెట్లో వేసినట్లే!

"పోతే పోనీ, గ్లైకాల్‌ను కాస్తారు కదా, నీటితో పాటు అమైన్ కూడా ఆవిరైపోదా?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. మరుగు స్థానాలు చూడండి. ఎక్కువగా వాడే మిథైల్ డై ఇథనాల్ అమైన్‌కు సుమారు 247 డిగ్రీలు. డై ఇథనాల్ అమైన్‌కు సుమారు 270. మోనో ఇథనాల్ అమైన్‌కు మాత్రం సుమారు 170. ఇది కొంతవరకు ఆవిరితో పోవచ్చు. మిగతా రెండూ 204 డిగ్రీల పాత్రలోంచి అంత తేలికగా కదలవు. నీరు పోతుంది, అమైన్ ఉండిపోతుంది.

ఉండిపోయి పోగవుతుంది. 5,000 లీటర్ల గ్లైకాల్ తిరుగుతున్న చోట రోజుకు ఒక్క లీటరు అమైన్ దాటి వచ్చి అంతా అక్కడే ఉండిపోయిందనుకుందాం. ఏడాదికి 365 లీటర్లు. అంటే గ్లైకాల్‌లో వందకు 7 పాళ్ళ వరకు అమైనే! అది వచ్చిన రోజున ఎవరికీ కనపడలేదు.

పొడుపుకథ విడిపోయింది

ఇప్పుడు మావాడి ప్రశ్నకు జవాబు చెప్పగలరా? పీహెచ్ 9 దాటడానికి కారణం దాటి వచ్చిన అమైన్. అది క్షారం కదా! నురగ కట్టడానికీ కారణం అదే. పీహెచ్ మరీ పెరిగిన గ్లైకాల్, వాయువుతో వచ్చే నూనె తగిలిందంటే సులభంగా నురగ కడుతుంది. గ్లైకాల్ నురగగా వాయువుతో కొట్టుకుపోతుంది. గోపురంలో గ్లైకాల్‌కూ వాయువుకూ సరిగా పొత్తు కుదరదు. వాయువు ఆరదు.

మరి ఇనుము ఎందుకు క్షయించింది? అమైన్‌కు తన పాత అలవాటు పోలేదు! తియ్యని వాయువులో కూడా కొద్దిగా కార్బన్ డై ఆక్సైడ్, లేశమాత్రంగా హైడ్రోజన్ సల్ఫైడ్ మిగిలి ఉంటాయి. గ్లైకాల్‌లో కూర్చున్న అమైన్ వాటిని పట్టుకుంటుంది. గ్లైకాల్‌ను కాచే చోట వేడికి వదిలేస్తుంది. అక్కడ నీటి ఆవిరి దండిగా ఉంది. ఆవిరీ ఆమ్ల వాయువులూ కలిసి పైకి పోయి, కాస్త చల్లని చోట నీరుగా మారగానే ఆ నీరు ఆమ్లమవుతుంది. ఉక్కును కొరికేది అదే. కింద పాత్రలో ద్రవం క్షారం, పైన గొట్టంలో చుక్కలు ఆమ్లం! పరీక్షకు తీసింది కింది ద్రవాన్ని, క్షయించింది పై భాగం.

ఇంకో మోసం కూడా ఉంది. వేడికీ గాలికీ గ్లైకాల్ కొద్దికొద్దిగా చెడి ఫార్మిక్, ఎసిటిక్ వంటి ఆమ్లాలు పుడతాయి. మామూలుగా అయితే పీహెచ్ తగ్గి మనల్ని హెచ్చరిస్తుంది. అమైన్ ఉంటే ఆ ఆమ్లాలతో కలిసి లవణాలవుతుంది. పీహెచ్ తగ్గదు. గ్లైకాల్ చెడుతూనే ఉంటుంది, హెచ్చరిక మాత్రం రాదు. జ్వరం వచ్చినవాడికి మాత్ర వేసి, థర్మామీటరు చూసి, జబ్బే లేదనుకున్నట్లు! పైగా తన సొంత పాత్రలో 120 డిగ్రీలకు అలవాటు పడిన అమైన్ ఇక్కడ 200 డిగ్రీలు దాటిన వేడికి తానూ విరిగిపోతుంది.

విచిత్రమేమంటే కొన్ని కర్మాగారాల్లో గ్లైకాల్ ఆమ్లంగా మారితే కొద్దిపాటి అమైన్‌ను మందుగా ఇంజనీర్లే కలుపుతారు. కొలిచి వేస్తే మందు. చెప్పకుండా చేరితే కల్తీ.

మావాడు ఇదంతా చెప్పి, "అప్పుడు పీహెచ్ ఎక్కువగా ఉండటం మంచి వార్త అనుకున్నామండి. అదే అసలు వార్త అని తరువాత తెలిసింది" అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. అంకె హద్దు దాటితే, ఏ వైపు దాటినా, ఎందుకని అడగాలి.

పిండి వేయడమే మందు

నివారణ మీరే చెప్పగలరు. బట్టను పిండాలి! రెండు గోపురాల మధ్య ఒక ఖాళీ పాత్ర పెడతారు. వెడల్పుగా ఉండటంవల్ల దానిలో వాయువు నెమ్మదిస్తుంది. తుంపరలు అడుగుకు చేరతాయి. వాటిని అప్పుడప్పుడు కింద నుంచి తీసేస్తారు. అమైన్ గోపురం పైభాగంలో సన్నని తీగలతో అల్లిన దిండు వంటిది అమరుస్తారు. సన్నని తుంపరలు ఆ తీగలకు తగిలి, కలిసి పెద్ద చుక్కలై కిందికి రాలతాయి. కొన్నిచోట్ల వాయువు బయటికి పోయేముందు కొద్ది నీటితో కడుగుతారు. అమైన్ నీటిలో బాగా కరుగుతుంది కాబట్టి ఆ నీటిలో ఉండిపోతుంది. అన్నిటికంటే ముందు అమైన్ నురగ కట్టకుండా శుభ్రంగా ఉంచుకోవాలి.

పీహెచ్‌తో పాటు గ్లైకాల్‌లో క్షారం ఎంత ఉందో ఆమ్లంతో కొలిచి చూడాలి. ఒకసారి మైలపడిన గ్లైకాల్‌ను మామూలు కాగుతో బాగుచేయలేం. మార్చి కొత్తది పోయాలి. లేదా పీడనం బాగా తగ్గించి, తక్కువ వేడిలోనే ఆవిరి చేసి, జాగ్రత్తగా వేరుచేయాలి. రెండూ ఖర్చుతో కూడిన పనులే.

మీరే చేసి చూడండి

రెండు గాజు గ్లాసుల్లో సగం వరకు మంచినీళ్ళు పోయండి. ఒక గిన్నెలో బట్టల సబ్బు నీళ్ళు కలుపుకోండి. పది చిన్న గుడ్డముక్కలు తీసుకోండి. ఐదింటిని సబ్బు నీళ్ళలో ముంచి, పిండకుండా ఒకటి తరువాత ఒకటి మొదటి గ్లాసులో జాడించండి. మిగతా ఐదింటిని గట్టిగా పిండి రెండో గ్లాసులో జాడించండి. గ్లాసులను మూసి గిలకొట్టండి. దేనిలో నురగ ఎక్కువ? పసుపు నీటిలో తడిపి ఆరబెట్టిన కాగితం ముక్కలను రెంటిలోనూ ముంచండి. పారాణికి పసుపులో సున్నం కలిపితే ఎరుపెక్కినట్లే, క్షారం తగిలితే ఆ కాగితం ఎరుపెక్కుతుంది. దేనిలో ఎక్కువ ఎరుపెక్కిందో చూడండి. చివరగా మొదటి గ్లాసు నీళ్ళు కొద్దిగా పళ్ళెంలో పోసి ఎండలో పెట్టండి. నీరు ఆవిరైపోయాక పళ్ళెంలో ఏం మిగిలిందో వేలితో తాకి చూడండి. గ్లైకాల్ పాత్రలో జరిగింది అదే!

అన్నట్టు, ఈసారి ఇంట్లో బట్టలు ఉతుకుతుంటే పిండే పని మీరు తీసుకోండి. అమ్మకు సాయం, మీకు సైన్సు!